పట్టాల పక్కన కెమెరా: అమెరికా రైలు ఛాయాచిత్రణలో పాత సిగ్నళ్లు

ప్రవేశిక

1869 మే 10న ఉటా ప్రాంతంలోని ప్రోమాంటరీ వద్ద తూర్పు, పడమర రైలు మార్గాలు కలిశాయి. ఆ సందర్భంలో ఆండ్రూ జె. రసెల్ తీసిన ఛాయాచిత్రంలో రెండు ఆవిరి ఇంజన్లు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. పరుగెత్తే ఇంజన్‌ను స్పష్టంగా పట్టుకోగల శక్తి నాటి తడి గాజుపలక పద్ధతికి ఎటూ లేదు. వేగవంతమైన షట్టర్లు, చురుకైన ఫిల్ములు వచ్చిన తరువాతనే కదిలే రైలు ఛాయాచిత్రకారుడికి వశమైంది. 1938లో లూషియస్ బీబీ ప్రచురించిన 'హై ఐరన్' ఈ అభిరుచికి పుస్తక రూపమిచ్చింది. ఇంజన్ ముందు భాగం ఒక పక్కన పెద్దదిగా, వెనుక పెట్టెలు సన్నబడుతూ దూరమయ్యేట్లు ఏటవాలుగా తీసే పద్ధతిని బీబీ చిత్రాలు స్థిరపరిచాయి. అమెరికాలో రైలు పక్కన నిలబడి కెమెరా ఎత్తిన తరతరాల వారు ఈ పద్ధతినే అనుసరించారు.

ఈ చిత్రాలన్నింటిలోనూ కథానాయకస్థానం ఇంజన్‌దే. పట్టాల పక్కనున్న సిగ్నల్ స్తంభం కనబడితే కనబడింది, లేకుంటే లేదు. కొందరైతే అది ఇంజన్‌కు అడ్డు రాకుండా పక్కకు జరిగి నిలబడేవారు. అటువంటి స్తంభం కోసమే వందల మైళ్లు ప్రయాణించే ఛాయాచిత్రకారులు ఇరవై ఒకటో శతాబ్దంలో కనిపిస్తారు. ఈ మార్పుకు గల కారణాలనూ, దాని ఫలితంగా పోగైన చిత్రాలకు చరిత్ర ఆధారాలుగా ఉన్న విలువనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సిగ్నళ్ల మాండలికాలు

రైలు సిగ్నల్‌ను ఒక భాషగా చూస్తే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. 1840ల తొలినాళ్లలో ఇంగ్లండులో చార్లెస్ హటన్ గ్రెగరీ రైలు మార్గంపై ప్రవేశపెట్టిన సెమాఫోర్, మనిషి చేతిని పోలిన పలకను స్తంభానికి అమర్చి, దాని భంగిమ ద్వారా అర్థం చెప్పింది. భారతదేశంలో ఎక్కువగా వాడిన రకంలో చేయి అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే వెళ్లవచ్చు. 'సిగ్నల్ వాలింది' అంటే రైలు వస్తోందని తెలుగు నేల మీది స్టేషన్లలో ఎదురుచూసిన పాత తరానికి వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దంలో వ్యాపించిన రకంలో వ్యాకరణం తలకిందులు: చేయి నిటారుగా పైకి లేస్తే వెళ్లవచ్చు, ఏటవాలుగా ఉంటే జాగ్రత్త, అడ్డంగా ఉంటే ఆగాలి.

అక్కడి రైలు మార్గాలు ప్రైవేటు కంపెనీలవి కావడంతో ఒక్కో కంపెనీ ఒక్కో మాండలికాన్ని పెంచుకుంది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1915లో ఫిలడెల్ఫియా సమీపంలోని మార్గంపై కదిలే చేయిని తీసివేసి, పసుపుపచ్చ దీపాల వరుసలను పెట్టింది. మూడు దీపాలు అడ్డంగా వెలిగితే ఆగాలి, ఏటవాలుగా వెలిగితే జాగ్రత్త, నిలువుగా వెలిగితే వెళ్లవచ్చు. రంగుతో పని లేదు, ఆకారమే అర్థం. చేయి పోయినా దాని భంగిమ మాత్రం దీపాలలో మిగిలింది. బాల్టిమోర్ అండ్ ఒహాయో కంపెనీ ఇటువంటి ఆకారాలకే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు చేర్చి మరో రకాన్ని రూపొందించింది. ఇంకొన్ని కంపెనీలు ఒకే గాజుకన్ను వెనుక రంగుపలకలు అటూ ఇటూ కదిలే 'సెర్చ్‌లైట్' రకాన్ని ఎంచుకున్నాయి. కంపెనీలు ఒకదానిలో ఒకటి విలీనమై పేర్లు చెరిగిపోయిన దశాబ్దాల తరువాత కూడా స్తంభాన్ని చూసి ఆ మార్గం ఒకప్పుడు ఎవరిదో చెప్పగలిగేవారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి నమోదు చేసింది. పట్టాల పక్కన సిగ్నళ్లను చిత్రించినవారు తమకు తెలియకుండానే అటువంటి సేకరణ చేశారని భావించవచ్చు. అయితే వారికి ప్రశ్నావళి లేదు, సంపాదకుడూ లేడు.

చిత్రం తీసే క్షణం

1872లో విలియం రాబిన్సన్ రూపొందించిన పట్టాల విద్యుత్ వలయం ఈ సిగ్నళ్లకు ప్రాణం. పట్టాల గుండా బలహీనమైన విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. రైలు చక్రాలు ఆ విభాగంలోకి అడుగుపెట్టగానే రెండు పట్టాలూ కలిసి, విద్యుత్తు అటునుంచి అటే మళ్లిపోతుంది. వెంటనే సిగ్నల్ తనంతట తాను 'ఆగు' అని చూపుతుంది. దీనివల్ల ఛాయాచిత్రకారుడికి ఒక చిక్కు ఏర్పడింది. ఇంజన్ స్తంభాన్ని దాటీదాటగానే పైకి లేచి ఉన్న సెమాఫోర్ చేయి పడిపోతుంది. లేచిన చేయి, వస్తున్న ఇంజన్ ఒకే చట్రంలో ఉండాలంటే దాటడానికి ముందున్న కొద్ది క్షణాలే అవకాశం. తొందరపడితే ఇంజన్ చిన్నదవుతుంది, ఆలస్యమైతే చేయి వాలుతుంది.

సిగ్నల్ వల్ల మేలూ ఉంది. అమెరికాలో చాలా చోట్ల రైలు సమీపించేవరకు దీపాలు ఆరిపోయి ఉంటాయి. చీకటిగా ఉన్న స్తంభం హఠాత్తుగా వెలిగిందంటే రైలు దగ్గరపడినట్లే. గంటల తరబడి ఎండలో నిలుచున్నవారికి గడియారం కన్నా, రైల్వే రేడియో సంభాషణలు వినిపించే యంత్రం కన్నా ఆ వెలుగే నమ్మకమైన కబురు. న్యూ మెక్సికోలోని పాత శాంటా ఫే మార్గంపై సెమాఫోర్లు ఇరవై ఒకటో శతాబ్దంలోకి కూడా నిలిచాయి. అక్కడి ఎడారి భాగంలో నడిచే ప్రయాణికుల రైలు సౌత్‌వెస్ట్ చీఫ్ రోజుకు అటు ఒకటి, ఇటు ఒకటి. ఒక్క చిత్రం తప్పిపోతే మరునాటి దాకా ఆగవలసిందే.

సాక్ష్యం బలం ఎంత?

ఈ చిత్రాలను చరిత్ర ఆధారాలుగా స్వీకరించే ముందు కొంత జాగ్రత్త అవసరం. ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధుడైన ఓ. విన్‌స్టన్ లింక్ 1955 నుంచి 1960 వరకు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ మార్గంపై ఆవిరి ఇంజన్ల చివరి రోజులను సొంత ఖర్చుతో చిత్రించాడు. సూర్యుణ్ణి తనకు కావలసిన చోట నిలపడం అసాధ్యం కనుక రాత్రివేళనే ఎంచుకుని, పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులను తీగలతో కలిపి ఒకేసారి వెలిగించేవాడు. 1956 ఆగస్టు 2న వెస్ట్ వర్జీనియాలోని అయేగర్ వద్ద తీసిన 'హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్'లో కార్లలో కూర్చుని సినిమా చూస్తున్న జనం, తెరపై విమానం, వెనుక పరుగెత్తే ఆవిరి రైలు కనిపిస్తాయి. ఫ్లాష్ వెలుగుకు తెర మీది బొమ్మ వెలిసిపోవడంతో విమానాన్ని వేరే నెగటివ్ నుంచి తరువాత చేర్చారు. కళాఖండంగా దానికి వచ్చిన లోటు లేదు. కానీ ఆ క్షణంలో ఆ తెరపై ఆ విమానం ఉన్నదని చరిత్రకారుడు రాయలేడు. అభిమానుల కోసం ప్రత్యేకంగా నడిపే రైళ్లలో మరో ఆచారం ఉంది. ప్రయాణికులను దింపి, రైలును వెనక్కి నడిపి, కెమెరాల ముందు నుంచి మళ్లీ పరుగెత్తిస్తారు. ఆ చిత్రంలోని పొగ నిజమే, ప్రయాణం మాత్రం నిజం కాదు.

ఇంతకంటే కనబడని పరిమితి మరొకటుంది. పట్టాలు, వాటి పక్కనున్న నేల కంపెనీ ఆస్తి. అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడం చట్టవిరుద్ధం, ప్రమాదకరం కూడా. అందువల్ల చిత్రాలు ఎక్కువగా రోడ్డు వంతెనల మీద నుంచి, లెవెల్ క్రాసింగుల పక్క నుంచి తీసినవే. రోడ్డుకు దగ్గరగా ఉన్న స్తంభానికి లెక్కలేనన్ని చిత్రాలు దొరుకుతాయి, లోయలో దూరంగా ఉన్నదానికి ఒక్కటీ దొరకకపోవచ్చు. తారు రోడ్డు పక్కనున్న ఊళ్లకే వెళ్లి మాండలికాలు సేకరిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది.

2008 తరువాత

2008 సెప్టెంబరు 12న కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ వద్ద ప్రయాణికుల రైలు ఎర్ర సిగ్నల్‌ను దాటి గూడ్సు రైలును ఢీకొంది. 25 మంది మరణించారు. డ్రైవర్ ఆ సమయంలో సెల్‌ఫోన్ సందేశాలలో నిమగ్నమై ఉన్నాడని దర్యాప్తు తేల్చింది. ఆ సందేశాలు రైళ్లంటే మక్కువ గల యువకులతో సాగినవి కావడం ఈ అభిరుచి చరిత్రలో దాటవేయకూడని చేదు నిజం. అదే ఏడాది అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ చేసిన రైలు భద్రతా చట్టం, డ్రైవర్ పొరపడినా రైలును ఆపగల 'పాజిటివ్ ట్రైన్ కంట్రోల్' వ్యవస్థను ప్రధాన మార్గాలపై తప్పనిసరి చేసింది. మొదట 2015 చివరికి పూర్తి కావలసిన పని గడువులు పెరిగి 2020 డిసెంబరుకు పూర్తయింది.

పాత స్తంభాలు తీసివేయాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. కానీ సిగ్నల్ చూపే అర్థాన్ని రేడియో ద్వారా ఇంజన్‌లోని కంప్యూటరుకు చేరవేయాలంటే దశాబ్దాల నాటి పరికరాలను మార్చవలసి వచ్చింది. ఎలాగూ తవ్వుతున్నప్పుడు మొత్తం మార్చడమే మేలని కంపెనీలు భావించాయి. పెన్సిల్వేనియా మార్గంలోని పసుపు దీపాల వరుసలు, బాల్టిమోర్ అండ్ ఒహాయో రంగుల వలయాలు చాలా చోట్ల పోయి, దేశమంతటా ఒకే తీరున ఉండే రంగు దీపాల స్తంభాలు వచ్చాయి. ప్రాణాలు కాపాడే పనికి అభ్యంతరం చెప్పినవారు అభిమానులలోనూ అరుదే. చేయగలిగింది ఒక్కటే, తీసివేయడానికి ముందే వెళ్లి చిత్రించడం.

ఆ ఏళ్ల చిత్రాలలో తరచూ ఒక దృశ్యం కనిపిస్తుంది. పాత స్తంభం వెలుగుతూ ఉంటుంది. దాని పక్కనే కొత్తది పాతి ఉంటుంది, కానీ డ్రైవర్లు పొరపడకుండా దాని ముఖాన్ని పట్టాల నుంచి పక్కకు తిప్పి ఉంచుతారు. మార్పు జరిగే రోజున కొత్తదాని ముఖం పట్టాల వైపు తిరుగుతుంది, పాతదాని దీపాలు ఆరిపోతాయి, కొద్ది రోజులకు స్తంభం నేలకొరుగుతుంది. రెండూ కలిసి ఉన్న ఆ కొన్ని నెలలకు ఛాయాచిత్రాలను మించిన దృశ్యసాక్ష్యం దొరకడం కష్టం. అందులోనూ తేదీ, మైలురాయి సంఖ్య, ఏ దిశగా తీసినదీ వెనుక రాసిపెట్టిన చిత్రాలే పరిశోధకుడికి అక్కరకొస్తాయి. మిగిలినవాటిలో ఆ స్తంభం ఎక్కడిదో పోల్చుకోవడానికి పక్కనున్న కొండల ఆకారాన్నీ, రోడ్డు మలుపునూ ఆశ్రయించవలసి ఉంటుంది.