బస్తర్ ఉన్నత పాఠశాలలు: బోధనలోనూ మార్కుల్లోనూ ఎందుకింత తేడా?

గ్రామీణ డాక్ సేవక్ నియామకాలకు రాతపరీక్ష లేదు. పదో తరగతి మార్కుల శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల వరకు లెక్కించి, ఆ వరుసలోనే అభ్యర్థులను ఎంపిక చేస్తారు. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న బస్తర్ డివిజన్‌లో ఊరికి దగ్గరగా దొరికే అరుదైన కొలువుల్లో ఇదొకటి. కనుక అక్కడ ఏ ఉపాధ్యాయుడు ఎలా బోధించాడు, ఎన్ని మార్కులు వేశాడు అన్నది జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న.

బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాలు ఈ డివిజన్‌లో ఉన్నాయి. పబ్లిక్ పరీక్షలను రాయ్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ మాధ్యమిక శిక్షా మండలి నిర్వహిస్తుంది. రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, 2001లో ఇది ఏర్పాటైంది. పదో తరగతిలో సబ్జెక్టుకు 75 మార్కులు రాతపరీక్షకు, 25 మార్కులు ప్రాజెక్టు పనికి కేటాయించారు. ఉత్తీర్ణతకు 33 శాతం రావాలి. రాత పత్రాలను మండలి నియమించిన పరీక్షకులు నమూనా జవాబుల ఆధారంగా దిద్దుతారు. ప్రాజెక్టు మార్కులు మాత్రం పాఠశాల స్థాయిలోనే తేలతాయి. ఉపాధ్యాయుడి సొంత కొలబద్దకు ఎక్కువ చోటు దొరికేది ఇక్కడే.

ఆ కొలబద్దలు ఒకేలా ఉండకపోవడానికి మొదటి కారణం నియామకాల చరిత్ర. అవిభక్త మధ్యప్రదేశ్ కాలం నుంచి పంచాయతీల ద్వారా తక్కువ వేతనంపై ‘శిక్షాకర్మి’లను నియమించారు. 2018 జులై నుంచి వారిని విద్యాశాఖలో విలీనం చేశారు. ఖాళీగా మిగిలిన పోస్టుల్లో ‘విద్యామితాన్’ పేరిట అతిథి అధ్యాపకులు పనిచేశారు. గణితం, విజ్ఞానశాస్త్రాలకు ఉపాధ్యాయుడు దొరకని పాఠశాలలో ఆ పాఠాలు వేరొకరి భుజాన పడతాయి. తాను పూర్తిగా చెప్పలేని పాఠానికి ఆ ఉపాధ్యాయుడు కఠినంగా మార్కులు వేయగలడా? ఉదారత అనిపించేది చాలాసార్లు బోధనలోని లోటును పూడ్చే ప్రయత్నమే.

రెండో కారణం భాష. దీనిపై జరగాల్సినంత చర్చ జరగలేదు. ఉన్నత పాఠశాలల్లో బోధన ప్రధానంగా హిందీలో సాగుతుంది. పిల్లల ఇళ్లలో వినిపించేవి గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వీ. కోంటా పరిసరాల్లో తెలుగు ప్రభావం ఎక్కువగా ఉన్న దోర్లీ కూడా వినిపిస్తుంది. గోండీ ద్రావిడ భాష. ఏకవచనంలో స్త్రీని అమహద్వాచకాలతో కలిపి చెప్పడం తెలుగులాగే అందులోనూ ఉంది. హిందీలో ప్రతి నామవాచకానికీ పుంలింగమో స్త్రీలింగమో తప్పదు, క్రియ కూడా దానికి తగ్గట్టు మారుతుంది. గోండీ ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి కిరణజన్య సంయోగక్రియను సరిగ్గా వివరిస్తూనే లింగం దగ్గర తడబడవచ్చు. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడికి అది కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు. స్థానికుడైన ఉపాధ్యాయుడు దాన్ని పట్టించుకోకపోవచ్చు. విజ్ఞానశాస్త్రం మార్కు భాషకు పడుతోందా, విషయానికి పడుతోందా అన్నది ముందుగా తేల్చుకోకపోతే ఇద్దరూ నిజాయితీగానే వేర్వేరు మార్కులు వేస్తారు.

2005 తర్వాతి హింసాకాండలో దక్షిణ బస్తర్‌లో అనేక పాఠశాల భవనాలు ధ్వంసమయ్యాయి. చిన్న తరగతులు వెదురుతో కట్టిన ‘పోర్టా క్యాబిన్’ ఆశ్రమ పాఠశాలల్లో చదివి తొమ్మిదో తరగతికి వచ్చే పిల్లలకూ, జగదల్‌పూర్ పట్టణంలో చదివిన పిల్లలకూ పునాది ఒకటి కాదు.

మార్కులను పూర్తిగా పాఠశాలలకే వదిలేస్తే ఏమవుతుందో 2021లో తేలింది. కొవిడ్ కారణంగా ఆ ఏడాది రాష్ట్రంలో పదో తరగతి రాతపరీక్ష రద్దయింది. అంతర్గత మూల్యాంకనం ఆధారంగా ఫలితాలు ప్రకటించారు. ఉత్తీర్ణత 100 శాతం, వారిలో దాదాపు 97 శాతం ప్రథమ శ్రేణి. అంతకుముందు ఏడాది ఉత్తీర్ణత 73.62 శాతం. రాతపరీక్ష తిరిగి వచ్చిన 2022లో 74.23 శాతం. పన్నెండో తరగతి వారికి 2021లో ప్రశ్నపత్రం ఇంటికే ఇచ్చి, 5 రోజుల్లో జవాబులు అందజేయమన్నారు. అందులో 97.43 శాతం మంది గట్టెక్కారు. డాక్ సేవక్ జాబితాలో ఈ సంవత్సరాలన్నింటి మార్కులూ పక్కపక్కనే నిలుస్తాయి. 2020లో కష్టపడి 70 శాతం తెచ్చుకున్న విద్యార్థికి అది న్యాయమనిపించదు.

ఈ చిక్కు తెలుగు రాష్ట్రాలకూ కొత్తది కాదు. పదో తరగతిలో 20 అంతర్గత మార్కులను ప్రైవేటు పాఠశాలలు ఉదారంగా పంచుతున్నాయన్న ఆరోపణల మధ్య ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని తొలగించింది. తెలంగాణ 2024 నవంబరులో రద్దు ప్రకటించి, ఆ ఏడాదికి పాత పద్ధతినే కొనసాగించింది.

అయితే బయటివారు దిద్దినంత మాత్రాన తేడా పోదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డానియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ 1912లో ఒకే ఆంగ్ల జవాబు పత్రాన్ని పలు ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులతో దిద్దించారు. వందకు 30కి పైగా మార్కుల తేడా వచ్చింది. భాషా పత్రం కాబట్టి అలా జరిగిందని విమర్శకులు అన్నారు. మరుసటి ఏడాది రేఖాగణితం పత్రంతో పరీక్షిస్తే తేడా ఇంకా పెరిగింది. పద్ధతికి, చక్కదనానికి, చివరి జవాబుకు ఎవరు ఎంత విలువ ఇస్తారన్నదే అక్కడ తేలని విషయం. ఏ అంశానికి ఎంత అన్నది ముందే రాసిపెట్టడం, కొన్ని పత్రాలను పరీక్షకులంతా కలిసి దిద్ది సరిచూసుకోవడం తేడాను తగ్గిస్తాయి. బస్తర్‌లో ఆ పని ప్రాజెక్టు ఫైళ్లకూ జరగాలి.

మార్కులపై అనుమానం ఉన్న విద్యార్థి ఫలితాల తర్వాత రుసుము చెల్లించి మండలికి పునర్గణన, పునర్మూల్యాంకనం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. తిరిగి చూసేది రాతపరీక్ష జవాబు పత్రాన్నే.