పడిగె కూడా ఆధారమే



స్కూల్ హిస్టరీ ప్రాజెక్టు పోటీకి మన పిల్లల్ని మళ్లీ తయారుచేస్తున్నాం. పోయినసారి మేడారం మీద రాసుకెళ్తే "ఇది కథ, చరిత్ర కాదు, ఆధారం ఏది?" అన్నారు. పిల్లలు తల దించుకుని వచ్చారు. తప్పు మాది కూడా ఉంది. నెట్‌లో దొరికిందే దింపి ఇచ్చాం.

వరంగల్ చుట్టూ రాజుల ఆధారాలు రాతి మీద ఉన్నాయి. హన్మకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది, రామప్ప గుడి శాసనం 1213 నాటిది. మరి కాకతీయ సైన్యంతో పోరాడారని మనం చెప్పుకునే సమ్మక్క, సారలమ్మ, జంపన్నల ఆధారం ఎక్కడుంది? కోయ డోలీల పాటలో ఉంది, బొమ్మలున్న పడిగె గుడ్డ మీద ఉంది. ఆ పాట పాడిన మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఇంకా ఆలస్యం చేస్తే అడగడానికి పెద్దలు మిగలరు.

అందుకే ఈసారి పిల్లలకు చెప్పింది ఇది: పెద్దల దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ తేదీనో రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, మీరే కలిపి ఒకటి చేయొద్దు. శాసనం కూడా చదవండి, కానీ దాన్ని ఎవరు రాయించారో అడగండి.

మీ ఊళ్లో డోలీ పెద్దలు ఉంటే చెప్పండి. ఆదివారం పిల్లల్ని తీసుకుని మేమే వస్తాం.