1965 నాటి రెండు సంతకాలు

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద మన పెద్దవాళ్ళు ఎదురైనప్పుడల్లా నాకు 1965 గుర్తొస్తుంది. ఆ జులై 30న ప్రెసిడెంట్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశారు. మనవాళ్ళకు తలుపులు తెరిచిన ఇమిగ్రేషన్ చట్టం మీద అక్టోబరు 3న సంతకం పెట్టిందీ ఆయనే. అలా వచ్చినవాళ్ళే ఇప్పుడు మెడికేర్ వయసులో ఉన్నారు.

మెడికేర్ డాక్టరు ఖర్చులో సుమారు 80 శాతం ఇస్తుంది. మిగతా 20 శాతానికి పైపరిమితి లేదు. ఆ లోటు పూడ్చేవే మెడిగ్యాప్ పాలసీలు. మొదట్లో కంపెనీకో రకం ఉండేవి, ఒకరికే రెండు మూడు అంటగట్టేవారు. 1990 చట్టం వాటిని అక్షరాల పేర్లతో పది రకాలకు కుదించింది. అందుకే ఈనాడు జీ ప్లాను ఎవరమ్మినా అందులో ఉండేది ఒకటే, ప్రీమియమే వేరు.

ఇండియాలో వైద్యానికి మెడికేర్ మామూలుగా డబ్బివ్వదు. జీ, ఎన్ లాంటి ప్లాన్లు మాత్రం ప్రయాణం మొదటి 60 రోజుల్లో మొదలైన ఎమర్జెన్సీకి, 250 డాలర్లు పోగా 80 శాతం ఇస్తాయి. అదీ జీవితకాలానికి 50 వేల డాలర్ల వరకే. ఆరేసి నెలలు హైదరాబాదులో గడిపేవారికి ఇది చాలదు.

65 దాటి పార్ట్ బీ మొదలైన ఆరు నెలల్లో కొంటే పాత జబ్బుల పేరుతో కాదనరు. తర్వాత చాలావరకు కాదనొచ్చు. ఈ ఆదివారం అమ్మానాన్నల కార్డు మీద ఆ తేదీ చూడండి. సెలవు.