ఆ ఒక్క మెట్టు

మా ఆవిడకి నా కంప్యూటర్లో ఉన్న ఇల్లంటే పడదు. "గరాజ్‌లో షెల్ఫు బిగించమని ఏడాదిగా అడుగుతున్నా. మీరేమో జంట హత్యలు జరిగిన ఇంటికి గుమ్మాలు బిగిస్తున్నారు," అంటుంది. నిజమే. రెండేళ్ళుగా నా శని, ఆదివారాలు ఆ ఇంటికే పోతున్నాయి. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గోడ గోడా నిలబెట్టుకుంటూ వచ్చాను.

ఆ ఇల్లు అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫాల్ రివర్ అనే బట్టల మిల్లుల ఊళ్ళో ఉంది. 1892 ఆగస్టు 4, గురువారం ఉదయం ఆ ఇంట్లో ఏబీ బోర్డెన్‌నీ, ఆ తరువాత ఆమె భర్త ఆండ్రూ బోర్డెన్‌నీ ఎవరో నరికి చంపారు. ఆండ్రూ మొదటి భార్య కూతురు లిజీ మీద కేసు పెట్టారు. 1893 జూన్‌లో పన్నెండుగురు మగవాళ్ళున్న జ్యూరీ ఆమె నిర్దోషి అంది. అక్కడి పిల్లల పాట తల్లికి నలభై వేట్లు అంటుంది గానీ, ఏబీకి పడ్డవి పంతొమ్మిది దాకా, ఆండ్రూకి పది, పదకొండు. తగ్గించి చెప్పడం కాదు, లెక్క లెక్కే కదా.

ఈ పిచ్చి నాతో మొదలైంది కాదు. 1940లలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే సంపన్నురాలు హత్యా స్థలాలను అడుగుకి అంగుళం చొప్పున బొమ్మరిళ్ళుగా చేయించింది. హార్వర్డ్‌లో పోలీసులకి పాఠం చెప్పడానికి వాటిని వాడేవారు. ఆవిడ చేతిలో అది శాస్త్రం. నాది కాలక్షేపమనే మొదలుపెట్టాను.

ఏ ఇల్లైనా కట్టేటప్పుడు ముందు నడవా వేసుకుంటాం. ఇక్కడ ఆ నడవాయే లేదు. 1845లో రెండు కుటుంబాల కోసం, కింద ఒక వాటా, పైన ఒక వాటాగా కట్టిన ఇల్లది. 1872లో ఆండ్రూ కొని ఒకే ఇల్లుగా మార్చుకున్నాడు. గదిలోంచి గదిలోకి వెళ్ళడమే తప్ప వేరే దారి లేదు. గోదావరి జిల్లాల్లో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నట్టింట్లో కూర్చుంటే ఎవరు ఏ గదిలోకి వెళ్ళారో, ఎవరు అలిగి పడుకున్నారో అన్నీ తెలిసేవి. ఈ ఇల్లు దానికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. లక్షలున్న మనిషి ఇల్లే, కానీ మరుగుదొడ్డి నేలమాళిగలో.

పై అంతస్తు ఇంకా విచిత్రం. ముందు మెట్లెక్కితే అతిథి గది, లిజీ గది వస్తాయి. అక్క ఎమ్మా గదికి లిజీ గదిలోంచే వెళ్ళాలి. వెనక మెట్లెక్కితే ఆండ్రూ, ఏబీల పడకగది, ఆపైన అటకమీద పనిమనిషి గది. లిజీ గదికీ తల్లిదండ్రుల గదికీ మధ్య ఒక తలుపుంది గానీ, దాన్ని రెండువైపులా బిగించేసుకున్నారు. అంటే ఏబీ తన పడకగది నుంచి అతిథి గదికి వెళ్ళాలంటే వెనక మెట్లు దిగి, వంటిల్లూ, కూర్చునే గదీ దాటి, మళ్ళీ ముందు మెట్లు ఎక్కాలి. 1891లో పట్టపగలు ఇంట్లో దొంగతనం జరిగాక ఆండ్రూ తన గదికి తాళం వేసి, తాళంచెవి అందరికీ కనబడేలా కింద కూర్చునే గదిలో పెట్టేవాడట. ఎవరి కోసం ఆ తాళం? సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క తలుపుకీ గడియ పెడుతుంటే, ఆ కుటుంబం గురించి పుస్తకాల్లో చదివినప్పుడు తెలియనిది తెలిసింది.

ఆ రోజు ఎమ్మా ఊళ్ళో లేదు. రాత్రి అతిథి గదిలో పడుకున్న మేనమామ జాన్ మోర్స్ పొద్దున్నే బయటికి వెళ్ళాడు. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఏబీ అతిథి గదిలో చనిపోయింది. పదకొండు తరువాత ఆండ్రూ కింద సోఫా మీద. మధ్యలో గంటన్నర. ఆ గంటన్నరే కేసంతా. బయటివాడు చేసుంటే అంతసేపు ఎక్కడ దాక్కున్నాడు? లిజీ చేసుంటే అంతసేపు ఎలా ఉండగలిగింది?

పనిమనిషి బ్రిడ్జెట్ సల్లివన్ ఐర్లండ్ నుంచి వచ్చిన అమ్మాయి. అంతకుముందు పనిచేసినామె పేరు మ్యాగీ కాబట్టి, అక్కాచెల్లెళ్ళు ఈమెనీ మ్యాగీ అనే పిలిచేవారు. ఆ ఉదయం ఆమె బయట కిటికీలు కడుగుతోంది. పక్క గుమ్మం గడియ తీసే ఉంది. పదిన్నర దాటాక ఆండ్రూ ఇంటికొస్తే వీధి తలుపు తెరుచుకోలేదు. బ్రిడ్జెట్ వెళ్ళి తీసింది. తాళాలతో తంటాలు పడుతూ ఆమె విసుక్కుంటే, పైనుంచి లిజీ నవ్వు వినిపించిందని కోర్టులో చెప్పింది. చూడలేదు, విన్నది. అప్పటికి ఏబీ పై గదిలో మంచానికి అవతల నేల మీద గంటకు పైగా పడి ఉంది.

నా మోడల్ మొత్తం చివరికి ఆ ముందు మెట్ల దగ్గరికి చేరింది. ఆండ్రూ శవం బయటపడ్డాక ఏబీ కోసం వెతుకుతూ బ్రిడ్జెట్‌తో కలిసి పైకి వెళ్ళిన పొరుగింటి చర్చిల్ గారు, పూర్తిగా పైకి ఎక్కనే లేదు. కళ్ళు పై అంతస్తు నేలతో సమానమయ్యే మెట్టు దగ్గర తల ఎడమకి తిప్పింది. తెరిచిన తలుపులోంచి, గది నేల మీదుగా, అవతల పక్క మనిషి ఆకారం కనిపించింది. మరి లిజీకి ఎందుకు కనబడలేదు?

ఈ ప్రశ్నతో నాకంటే ముందు ఒకడు తంటాలు పడ్డాడు. థామస్ కీరన్ అనే ఇంజనీరు. ఇల్లు కొలిచి ప్లాన్లు గీసిన ప్రాసిక్యూషన్ సాక్షి. అతను ఏబీ పడున్న చోట తన సహాయకుణ్ణి పడుకోబెట్టి, తను మెట్లు ఎక్కి చూశాడు. ఒకే ఒక్క మెట్టు మీది నుంచి, అదీ పనిగట్టుకుని చూస్తే కనబడిందని చెప్పాడు. ముందు హాల్లోని అరలోనూ మనిషిని నిలబెట్టి, తలుపు కొంచెం తెరిచి ఉన్నా బయట నడిచేవాళ్ళకి కనబడలేదన్నాడు. ప్రాసిక్యూషన్ పిలిచిన మనిషి లిజీ లాయర్లకి అలా పనికొచ్చాడు. అతని సాక్ష్యం చదివిన రాత్రి నాకు సొంత మనిషిని కలుసుకున్నట్టనిపించింది.

నేనూ అదే చేశాను. కెమెరాని మనిషి కంటి ఎత్తులో పెట్టి, మామూలు వేగంతో మెట్లెక్కించాను. సెకనుకి 24 ఫ్రేముల్లో ఏబీ కనబడేది పదిహేను ఫ్రేముల్లో. సెకనులో సగం పైచిలుకు. పైకి ఎక్కి నిలబడితే మంచం అడ్డం. కెమెరా ముందుకే చూస్తూ ఎక్కితే ఒక్క ఫ్రేము కూడా లేదు. మంచాన్ని రెండంగుళాలు దించితే పదిహేనల్లా తొమ్మిదయింది. తలుపుని సగం మూస్తే సున్నా. నా కంప్యూటరుకి తలుపు ఎన్ని డిగ్రీలు తెరిచి ఉందో ఒక అంకె ఇవ్వక తప్పదు. ఉదయం పదిన్నరకి ఆ తలుపు ఎలా ఉందన్నదానికి నేను ఏ అంకె ఇస్తే అది నా తీర్పు. మొదట తొంభై డిగ్రీలు ఇచ్చాను, అంటే లిజీ దోషి అనే నమ్మకంతోనే కట్టడం మొదలుపెట్టానన్నమాట. గోడల రంగు సరిగ్గా వచ్చేవరకూ ఆ సంగతి నాకే తట్టలేదు.

ఇంకో సంగతి. రెండేళ్ళు వాల్‌పేపరు డిజైన్ల మీదా, సోఫా చెక్కడాల మీదా పెట్టాను గానీ, ఏబీ స్థానంలో మాత్రం ఒక బూడిదరంగు పెట్టె ఉంచాను. ఒకరోజు మా ఆవిడ కాఫీ ఇవ్వడానికి వచ్చి, "ఇందులో ఆవిడేదీ?" అంది. పెట్టె చూపించాను. కాసేపు చూసి, "అది సామాననుకున్నా," అని వెళ్ళిపోయింది. అరవై నాలుగేళ్ళ మనిషి, అతిథి గదిలో పక్కబట్టలు సర్దడానికి వెళ్ళింది. అందరూ లిజీ ఎక్కడుందని వెతికేవాళ్ళే. నేనూ అంతే. కీరన్ నయం, నిజంగా ఒక మనిషిని పడుకోబెట్టాడు. ఆ రాత్రి పెట్టె తీసేసి, ఆమె కొలతలకి దగ్గరగా ఒక మనిషి ఆకారం చేసి పెట్టాను. ముఖం చెయ్యలేదు. దిండు గలీబులు మాత్రం మంచం మీద మడిచి పెట్టాను.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. వీధి నంబరు మారింది, వెనకున్న కొట్టం పోయింది. డబ్బు కట్టి చూడొచ్చు, రాత్రి పడుకోవచ్చు కూడా. గత అక్టోబరులో ఒక్కణ్ణే వెళ్ళాను. కళ్ళు మూసుకుని తిరగగలిగినంత తెలిసిన ఇల్లు, కానీ ముందు మెట్లు నా మోడల్లోకంటే ఇరుకు. పని మీద పైకి వెళ్ళేవాళ్ళలా, ఎదురుగా చూస్తూ ఎక్కేద్దామని ముందే నిర్ణయించుకున్నాను. ఒక చెయ్యి రెయిలింగు మీద వేసి మెట్లు లెక్కపెడుతూ ఎక్కాను. ఆ మెట్టు వచ్చింది. తల ఎడమకి తిరిగింది.