దశబంధం: కట్టను కాసిన ఒప్పందం

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అవుతుంది. ఈశాన్య మేఘం కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి దానిలోనూ బలం ఉండదు. పడిన నీటిని నిలబెట్టుకుంటేనే బతుకు గనక, ఇక్కడ చెరువు పనికి ప్రభుత్వ సాయం కోరడం విజయనగర కాలం నుంచీ ఉంది. కోరే కాగితమే మారుతూ వచ్చింది: ఒకప్పుడు దశబంధం కోరే విన్నపం, తర్వాత తక్కావి (ప్రభుత్వ రుణం) అర్జీ, ఆపైన ఎస్టిమేటు, టెండరు, ఇప్పుడు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక). వీటన్నిటిలో పాతదైన దశబంధం ఒప్పందం ఒక ప్రశ్నకు జవాబు చెప్పాకే కుదిరేది. పని పూర్తయ్యాక దాన్ని ఎవరు కాచుకోవాలి, ఏ రాబడితో కాచుకోవాలి? తర్వాతి కాగితాలు ఈ ప్రశ్నను పక్కన పెట్టాయి. కరువు సీమలో ప్రభుత్వ పనులు నిలవకపోవడానికి వాన కొరతతో పాటు ఇదీ ఒక పెద్ద కారణమని నా వాదన.

దశబంధం పద్ధతి రాయలసీమ అంతటా ఉండేది. సొంత ఖర్చుతో చెరువో బావో కాలువో కట్టినవాడికి, తెగిన కట్టను మళ్లీ వేసినవాడికి, ఆ నీటి కింద కొంత భూమిని పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో వంశపారంపర్యంగా రాసిచ్చేవారు. బదులుగా మరమ్మతు భారం అతని మీద, అతని వారసుల మీద ఉండేది. ఇందులో రెండు రకాలు. ఫలానా చెక్కను విడదీసి ఇస్తే ఖండం దశబంధం. ఆయకట్టు మొత్తం మీద వచ్చే శిస్తులో వాటా ఇస్తే షామిలాత్ దశబంధం. రెండింటిలోనూ చెరువు నిండితేనే అతనికి లాభం, ఎండితే నష్టం. అందుకే ఎవరూ బిల్లు పెట్టలేని చిన్న పనులకు కూడా ఒక కర్త ఉండేవాడు. వానలకు ముందే మరవ (అలుగు) రాళ్లు కదిలాయేమో చూడాలి. తూము పక్కన బుంగ కనిపిస్తే బంకమట్టితో కూరి దిమ్మిస వేయాలి. కట్ట మీద మొలిచిన తుమ్మను మొక్కగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పెకలించాలి. మానయ్యాక నరికితే లోపలి వేరు కుళ్లిపోతుంది, ఆ సందులోంచే నీరు దారి చేసుకుంటుంది.

ఆ కాలంవాళ్లకు లెక్కా పత్రం తెలియవనుకోవడం పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరసగా చెబుతుంది. రెండేళ్ల పాటు రోజుకు వెయ్యిమంది పని చేశారనీ, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ నమోదు చేసింది. దోషాల పట్టిక మరీ విలువైనది: కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. వీటిలో సరిహద్దు దోషం మట్టికీ రాతికీ సంబంధించినది కాదు. కట్ట ఎవరిదో తేలని చోట కట్టకూడదన్న పాలనా వివేకం అది. పోరుమామిళ్ల కన్నా కొన్నేళ్ల ముందే చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డకట్ట వేయించాడు. ఆ చెరువు ఒడ్డునే బుక్కరాయసముద్రం, అనంతపురం పెరిగాయి. అక్కడ గండి పడినప్పుడు ఒక కోడలు బలి అయిందన్న కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా మలిచారు. కథ నిజమో కాదో గానీ, కట్ట తెగడమంటే ఊరు ఎంత భయపడేదో అందులో తెలుస్తుంది.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, చెరువుకు అనువైన చోటు దాదాపు ఏదీ ఖాళీగా మిగల్లేదని పైవాళ్లకు రాశాడు. అంటే అప్పటికే మిగిలిన పని ఉన్నవాటిని కాపాడుకోవడమే. ఆ శతాబ్దం నడక మాత్రం వేరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ దశబంధం లాంటి ఇనాముల హక్కు పత్రాలను, శిస్తును తేల్చింది. 1876–78 ధాత కరువు తర్వాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. ఇంజినీర్లు ఒక్కో చెరువునూ కొలిచి ఎస్టిమేట్లు వేశారు. ఆ కొలతలు విలువైనవే. కానీ బిల్లు చేతికందిన రోజుతో కాంట్రాక్టరుకూ కట్టకూ రుణం తీరిపోయింది. అదే 1883లో వచ్చిన భూమి అభివృద్ధి రుణాల చట్టం రైతుకు బావి తవ్వుకునే అప్పు ఇచ్చింది. చెరువు ఎండితే దశబంధదారుడి వాటా దానంతటదే తగ్గేది. బావి ఎండినా తక్కావి బాకీ మాత్రం శిస్తు బకాయిలా నెత్తిన ఉండేది.

దశబంధాన్ని ఇలా మెచ్చుకోవడం తగదనేవారి మాటలో బలముంది. ఇనాము పొందినది కలిగినవాడు, మట్టి మోసింది వడ్డెరలు. మోసినవాళ్లలో ఆయకట్టు కింద సెంటు భూమి దక్కినవారు తక్కువే. దీన్ని కాదనలేం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, మట్టి పనికి చట్టబద్ధమైన కూలి ఇచ్చి ఆ అన్యాయంలో ఒక భాగాన్ని సరిదిద్దింది. నేను తిరిగి కోరుతున్నది ఇనాందారును కాదు, ఆ ఒప్పందంలోని షరతును. రెండో అభ్యంతరం: దశబంధం చెరువులూ పూడిపోయాయి కదా? పూడిపోయాయి. రాబడి అనుభవిస్తూ మరమ్మతు ఎగ్గొట్టిన వారసులూ ఉన్నారు. అయితే అది షరతును అమలు చేయని లోపం. షరతే లేని టెండరులో పట్టుకోవడానికి ఆ లోపం కూడా దొరకదు. మూడోది, ప్రజాధనం గనక తక్కువ ధరకు పాడినవాడికే ఇవ్వాలన్నది. నిజమే, కానీ ఐదేళ్లకే మళ్లీ మరమ్మతుకు వచ్చే పని మొదటి రోజు చవకగా కనిపించినంత మాత్రాన చవక కాదు. ధరను పని బతికే కాలంతో కలిపి లెక్కించాలి.

పాత షరతు కొత్త కాగితంలోకి రావడం అసాధ్యమేమీ కాదు. హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద 1995లో అమల్లోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకుని, పని బాధ్యతను ఊరి కమిటీకి ఇచ్చి, లబ్ధిదారుల వాటాతో నిర్వహణ నిధి ఏర్పాటు చేయమన్నాయి. 1997 నాటి రాష్ట్ర చట్టం రైతుల నీటి సంఘాలను తెచ్చింది. దారి సరైనదే. నిధికి ఏటా రాబడి, కమిటీకి నిలకడ ఉన్నప్పుడే అది గమ్యం చేరుస్తుంది. కాబట్టి నేడు జిల్లాలో చెరువు పనికో, ఇంకుడు గుంటలకో, రైతు సంఘం గోదాముకో ప్రభుత్వ సాయం కోరి ప్రతిపాదన రాసేవాళ్లు క్యూబిక్ మీటర్ల దగ్గర ఆగకూడదు. పదో ఏట కట్ట మీద తుమ్మ పెకలించేది ఎవరో, ఆ కూలి చేపల వేలంలోంచో పూడిక మట్టి అమ్మకంలోంచో ఎలా వస్తుందో ఒక పేజీ రాయాలి. మంజూరు చేసే అధికారి ఆ పేజీకి మార్కులు వేయాలి. పోటీలో గెలవాల్సింది ఆ పేజీ ఉన్న ప్రతిపాదనే.