ఫోన్ ఎత్తని వాళ్ల ఆరోగ్యం ఎవరు లెక్కపెడతారు?

2020 ఏప్రిల్ గుర్తుందా? లాక్‌డౌన్. ఇంటింటికీ వెళ్లి అడిగే వీల్లేదు. అప్పుడు కేంద్ర ప్రభుత్వం, 1921 నంబర్ నుంచి మొబైల్స్‌కి ఫోన్ చేసి కరోనా లక్షణాల గురించి సర్వే చేస్తామని ప్రకటించింది. దొంగ కాల్స్‌తో జాగ్రత్త అని కూడా చెప్పింది.

ఫోన్లో అడగడం తేలికే. అసలు చిక్కు, ఎవరు దొరకట్లేదన్నది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఎన్నికల సర్వే చేసింది. ఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్ట్రేషన్లలోంచి పేర్లు తీసి కార్డులు పోస్ట్ చేసింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. అయినా ఓడిపోతాడన్న రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు! అప్పట్లో ఫోనూ కారూ ఎక్కువగా ఉన్నది డబ్బున్నోళ్లకే. పైగా కార్డు అందుకున్నవాళ్లలో చాలామంది తిరిగి పంపలేదు.

ఫోన్లు అందరికీ చేరాక పద్ధతి మారింది. 1984లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 15 రాష్ట్రాల్లో ఫోన్ సర్వే మొదలుపెట్టింది. డైరెక్టరీతో పనిలేకుండా నంబర్లను లాటరీలా ఎంచుకోవడం, ల్యాండ్‌లైన్ ఎత్తినవాళ్లతో సరిపెట్టకుండా ఆ ఇంటి పెద్దల్లో ఒకరిని అలాగే ఎంచుకోవడం, తక్కువగా దొరికిన వర్గాల జవాబులకు లెక్కలో ఎక్కువ తూకం ఇవ్వడం... ఇదీ పద్ధతి. 2011 నుంచి సెల్‌ఫోన్లూ చేర్చారు.

మన తెలుగు నేలమీద మంచి ఉదాహరణ యంగ్ లైవ్స్. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో సుమారు 3,000 మంది పిల్లల్ని 2002 నుంచి గమనిస్తున్న అధ్యయనం ఇది. 2020లో ఇళ్లకు వెళ్లలేక, పెద్దవాళ్లైన ఆ పిల్లలకే ఫోన్లు చేశారు. ముందునుంచీ పరిచయం ఉంది కాబట్టి ఎవరు దొరకలేదో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు మన పెదకాకానికి రండి. సర్వే ఫోన్ మధ్యాహ్నం మోగితే ఎత్తేది ఎవరు? ఇంట్లో ఉన్న కుర్రాడు. మిరపకోతకు వెళ్లిన అమ్మ దగ్గు లెక్కలోకి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్నది 54 శాతం మందికే. ఆ సర్వే ఇంటికొచ్చి చేసేది కాబట్టే ఈ సంగతి బయటపడింది.

అందుకని ఫ్రెండ్స్, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగితే వెంటనే పెట్టేయండి. నిజమైన ఆరోగ్య సర్వేకి అవి అక్కర్లేదు. కానీ "ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడాలి" అంటే మీరే జవాబు చెప్పేయకండి. సాయంత్రం చేయమనండి, ఫోన్ వాళ్ల చేతికివ్వండి. మళ్లీ కలుద్దాం!