విపత్తు వేళ విద్యుత్తు: సీలేరు, కొవ్వాడ

భూకంపమో తుఫానో వచ్చి గ్రిడ్ కుప్పకూలినప్పుడు కరెంటును మళ్లీ మొదటి నుంచి పుట్టించాలి. ఉత్తరాంధ్రలో ఆ పనికి పనికొచ్చేవి తూర్పు కనుమల జలవిద్యుత్ కేంద్రాలు. మాచ్‌ఖండ్, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు నాలుగూ ఒకే నది మీద, చింతపల్లి కొండలకు ఉత్తరాన, పడమరన ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం తలపెట్టాక వీటి ప్రాధాన్యాన్ని కొత్తగా చూడాల్సి వచ్చింది. ఎందుకంటే దెబ్బతిన్న అణుకేంద్రం కరెంటు ఇవ్వదు సరికదా, తననే ఆదుకోమంటుంది.

నది, కేంద్రాలు

మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది డుడుమ జలపాతం దగ్గర లోయలోకి దూకి, కిందికి వచ్చాక సీలేరు పేరుతో సాగి శబరిలో కలుస్తుంది. ఈ నీటిని వాడుకోవడానికి అప్పటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1946లో ఒప్పందం చేసుకున్నాయి. జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టారు. మాచ్‌ఖండ్ కేంద్రాన్ని 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మూడు 17 మెగావాట్ల యూనిట్లు, తర్వాత మూడు 21.25 మెగావాట్లవి కలిపి 114.75 మెగావాట్లు. పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది; సిబ్బంది డ్యూటీకి వించి ట్రాలీలో దిగుతారు. కేంద్రం ఉన్నది ఒడిశా నేల మీద, నడిపేది ఆంధ్రప్రదేశ్. ఈ వాటాల పంచాయితీ చాలా ఏళ్లు నలిగి 2020లో గానీ సగం సగం అన్న మాట దగ్గరికి రాలేదు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా పోయే రోడ్డు సీలేరు చేరుతుంది. అక్కడి ఎగువ సీలేరు కేంద్రంలో రెండు 60 మెగావాట్ల యూనిట్లు 1967-68లో, మరో రెండు 1994-95లో వచ్చాయి. చింతూరు మండలం మోతుగూడెంలో 460 మెగావాట్ల దిగువ సీలేరు 1976-78 మధ్య సిద్ధమైంది. రెంటికీ నడుమ డొంకరాయి 25 మెగావాట్లది, 1983 నాటిది. రాష్ట్ర విభజనప్పుడు చింతూరు సహా ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో దిగువ సీలేరు చేజారిందని తెలంగాణ గట్టిగానే అభ్యంతరం చెప్పింది. ఈ చవకైన కరెంటు విలువ రెండు రాష్ట్రాలకూ తెలుసు. ఈ జలాశయాల కింద ఊళ్లు పోగొట్టుకున్న ఆదివాసీలకు మాత్రం లెక్క వేరు. తలల మీదుగా హైటెన్షన్ తీగలు పోతున్నా గుడిసెలో బల్బు వెలగని పల్లెలు ఈ కొండల్లో దశాబ్దాల పాటు ఉన్నాయి.

చీకటిలోంచి మొదలుపెట్టడం

థర్మల్ కేంద్రం ఆగిపోతే దాన్ని తిరిగి నడపడానికి బయటి కరెంటు కావాలి. బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, ఫీడ్ పంపులు తిరగందే బాయిలర్ వెలగదు. జలవిద్యుత్ యూనిట్‌కు ఆ ఇబ్బంది చాలా తక్కువ. ఒక చిన్న డీజిల్ జనరేటర్, బ్రేకర్లకు బ్యాటరీల కరెంటు, టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌కు చమురు పీడనం ఉంటే చాలు. గేటు తెరిస్తే నీరే టర్బైన్‌ను తిప్పుతుంది. విద్యుత్ ఉద్యోగులు దీన్నే బ్లాక్ స్టార్ట్ అంటారు.

అసలు కష్టం ఆ తర్వాతే. చచ్చిన లైనును ఛార్జ్ చేసి, కొద్దికొద్దిగా లోడు ఎక్కిస్తూ, ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ దగ్గర నిలబెడుతూ పోవాలి. ఆత్రపడి ఒక్కసారిగా ఊరంతటికీ ఇచ్చారా, యూనిట్ ట్రిప్పయి కథ మళ్లీ మొదటికొస్తుంది. ముందు థర్మల్ కేంద్రాల సొంత అవసరాలు, ఆసుపత్రులు, నీటి పంపులు. ఇళ్ల వంతు చివర.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు జనానికి ఇంకో సంగతి తెలిసొచ్చింది. ఉత్పత్తి ఉన్నంత మాత్రాన సరఫరా ఉండదు. టవర్లు మెలితిరిగాయి, స్తంభాలు వరుసగా పడిపోయాయి, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. స్టీల్ ప్లాంటుకూ కరెంటు పోయింది. ఇటు అరకు, పాడేరు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. మైదానంలో క్రేన్ వచ్చి స్తంభం నిలబెడుతుంది. ఏజెన్సీలో అంత తేలిక కాదు. లారీ ఆగిన చోటు నుంచి స్తంభాన్ని పదిమంది భుజాల మీద మోసుకుంటూ వాగులు దాటించాలి. విపత్తు లెక్కల్లో మెగావాట్లే కనిపిస్తాయి గానీ, ఆలస్యమంతా ఈ చివరి లైన్ల దగ్గరే.

భూమి కంపించినప్పుడు

2002 నాటి భూకంప పటంలో చింతపల్లి ప్రాంతం తక్కువ ప్రమాదమున్న రెండో జోన్‌లోది; భద్రాచలం మూడో జోన్‌లోది. గోదావరి పగులు లోయ అటుగా పోవడమే కారణం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర సుమారు 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పటికి దిగువ సీలేరు లేదు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం హైదరాబాద్‌లోనూ తెలిసింది. జలాశయాలకు భూకంపంతో పని లేదనుకోవడానికి వీల్లేదని మహారాష్ట్రలోని కోయనా ఆనకట్ట చెప్పింది. 1967 డిసెంబరు 11 నాటి అక్కడి భూకంపంలో ఆనకట్ట బీటలు వారింది. జలాశయంలో నీరు నిలవడమే దానికి ప్రేరణ అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

అణుకేంద్రాల విషయంలో మన దేశ అనుభవం ఇప్పటి వరకు మెరుగ్గానే ఉంది. 2001 భుజ్ భూకంపంలో గుజరాత్‌లోని కాక్రపార్ ఆగకుండా నడిచింది. 2004 డిసెంబరు 26న సునామీ నీరు తమిళనాడులోని కల్పాక్కం కేంద్రం పంప్‌హౌస్‌లోకి చొరబడింది. నడుస్తున్న రెండో యూనిట్‌ను ఆపరేటర్లు భద్రంగా ఆపారు. కొద్ది రోజుల్లోనే అది మళ్లీ మొదలైంది.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో అలా జరగలేదు. 9.0 తీవ్రత భూకంపానికి రియాక్టర్లు అనుకున్నట్టే ఆగాయి. బయటి లైన్లు పోయాయి, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ఇంచుమించు ముప్పావు గంటకు సునామీ వచ్చి వాటినీ ముంచేసింది. ఆగిన రియాక్టర్ వెంటనే చల్లారదు. ఆపిన క్షణంలో, నడిచేటప్పటి వేడిలో దాదాపు 6-7 శాతం ఇంకా పుడుతుంటుంది, ఒక రోజు గడిచినా అర శాతం దాకా మిగులుతుంది. కొవ్వాడకు అనుకున్న రకం రియాక్టర్‌లో ఆ అర శాతమే 17 మెగావాట్ల వేడి. ఫుకుషిమాలో నీళ్లు తిరగక మూడు రియాక్టర్ల ఇంధనం కరిగింది. అయిదు, ఆరు యూనిట్లను మాత్రం మునగకుండా మిగిలిన ఒకే ఒక గాలితో చల్లబడే జనరేటర్ కాపాడింది. పక్కనే ఉన్న ఫుకుషిమా దైనిలో ఒక్క బయటి లైను బతికింది. సిబ్బంది సుమారు 9 కిలోమీటర్ల కేబుల్‌ను చేతుల మీద లాగి పంపులకు కలిపారు. రెండు కేంద్రాల రాత మారింది ఆ తీగ దగ్గరే.

ఈ విపత్తుతో టోక్యో ప్రాంతానికి కరెంటు తగ్గి వంతులవారీ కోతలు పెట్టారు. జపాన్‌లో తూర్పు సగం 50 హెర్ట్జ్, పడమటి సగం 60 హెర్ట్జ్. పడమట మిగులు ఉన్నా మార్చి పంపగలిగింది సుమారు వెయ్యి మెగావాట్లే. మన దక్షిణ గ్రిడ్ కూడా రాయచూర్-షోలాపూర్ లైనుతో 2013 డిసెంబరు 31న కలిసే దాకా మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసి నడవలేదు. హుద్‌హుద్ అంతకు ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

కొవ్వాడ

రణస్థలం మండలం కొవ్వాడకు 2009లో సూత్రప్రాయ అనుమతి దక్కింది. మొదట జీఈ-హిటాచీ రియాక్టర్లు అన్నారు. గుజరాత్‌లోని మీఠీ వీర్డీలో రైతులు ఎదురు తిరిగాక వెస్టింగ్‌హౌస్ వారి ఆరు ఏపీ1000 రియాక్టర్లు ఇటు మళ్లాయి. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు భరించాలన్న పేచీ 2010 అణు బాధ్యత చట్టం నాటి నుంచీ నలిగింది. మాజీ కేంద్ర కార్యదర్శి ఇ.ఎ.ఎస్.శర్మ స్థలంలోని భూకంప ముప్పు గురించి పదేపదే రాశారు. ఏపీ1000లో పైన ఉన్న తొట్టి నీరు, కరెంటు లేకున్నా 72 గంటలు రియాక్టర్‌ను చల్లబరుస్తుందని తయారీదారు చెబుతారు. ఆ మూడు రోజుల్లోగా బయటి సాయం చేరాలి. 2018లో తిత్లీ తుఫాను ఇదే జిల్లాలో పలాస వైపు లైన్లను ఏ స్థితిలో వదిలిందో చూసినవారికి ఆ గడువు మరీ ఉదారంగా అనిపించదు.

ఇక సీలేరు వైపు చూస్తే, మన్యంలో ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ కాలం నడుస్తోంది. మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే పద్ధతి ఇది. ఎగువ సీలేరు దగ్గర ఏపీజెన్‌కో 1,350 మెగావాట్ల కేంద్రాన్ని తలపెట్టింది. చింతపల్లి, కొయ్యూరు మండలాల వైపు ఎర్రవరం, అనంతగిరి వైపు పెదకోట ప్రాజెక్టులు ప్రైవేటు కంపెనీలవి. పై జలాశయం నిండా నీరుంటే విపత్తు వేళ అదొక నిల్వ, కాదనలేం. కానీ గిరిజన ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం ప్రకారం ముందు గ్రామసభను అడగాలి. అడగకుండా సర్వేకు వచ్చారంటూ ఆదివాసులు వీటిపై ఆందోళనలు చేస్తూనే ఉన్నారు.